చూపినదీ – చూపనిదీ

పాఠం ఉద్దేశం

ఒక సంఘటనకు గల కారణాలను వేరువేరుగా గుర్తించడం, తెర మీద చూసిన విషయాన్ని పరీక్షించి తెలుసుకోవడం, ఎదుటివారి వాదాన్ని గౌరవిస్తూనే దానికి జవాబు చెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

1. కళ్ళారా చూసినదంతా నిజమేనా?

'కళ్ళారా చూశాను' అన్న మాటకు మన భాషలో ఎంతో విలువ ఉంది. సాక్షి ఆ మాట అనగానే వినేవారు ఇక ప్రశ్నించరు. మరి తెర మీద చూసినదాన్ని కూడా కళ్ళారా చూసినట్టు లెక్క కట్టవచ్చునా? తెర మీద మనకు కనిపించేది జరిగిన సంఘటనలో ఒక భాగం మాత్రమే. ఆ భాగాన్ని ఎవరో ఒకరు ఏరి, కత్తిరించి, తమకు నచ్చిన వరుసలో పెట్టి చూపిస్తారు.

సినిమా పుట్టకముందు కూడా ఈ చిక్కు ఉండేది. మన గంజాం జిల్లాలోని భంజనగర్‌కు పూర్వం రసెల్‌కొండ అని పేరు. రసెల్ ఈస్టిండియా కంపెనీ అధికారి; కొండ మన తెలుగు మాటే. ఘుంసర్ జమీందారు శిస్తు బకాయి పడ్డాడని 1835లో కంపెనీ ఆ జమీందారీ మీదికి వెళ్ళింది. జమీందారు కొండల్లోకి పోయి అక్కడే మరణించాడు. కొండలమీది కంధులు అతని పక్షాన నిలిచి 1837 దాకా పోరాడారు. ఈ పోరు నడుస్తున్న రోజుల్లోనే కంధులలో 'మెరియా' అనే నరబలి ఆచారం ఉందని కంపెనీ అధికారులు రాశారు. తరువాత వచ్చిన పుస్తకాలలో నరబలి వర్ణనకు దక్కినంత చోటు శిస్తు బకాయిలకు గాని, సైన్యం తగలబెట్టిన పల్లెలకు గాని దక్కలేదు. అధికారులు రాసినది అబద్ధమని దీని అర్థం కాదు. కాని రాసినవారు ఒక పక్షంవారే. కంధుల భాషకు అప్పటికి లిపి లేదు. వారు తమ మాట రాసి పెట్టుకోలేకపోయారు. అందువల్ల చాలాకాలం లోకం ఆ కొండలను ఒక వైపునుంచే చూసింది.

పక్షపాతం అంటే అబద్ధం చెప్పడం ఒక్కటే అనుకోకూడదు. నిజాలనే చెబుతూ, వాటిలో కొన్నిటిని మాత్రమే చెప్పడం కూడా పక్షపాతమే.

2. డాక్యుమెంటరీ చిత్రం

కల్పిత కథ కాక, జరిగిన విషయాన్ని చూపే చిత్రాన్ని డాక్యుమెంటరీ అంటారు. మన దేశంలో 1948లో ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్‌ను స్థాపించింది. అది తీసిన చిత్రాలను, న్యూస్ రీళ్ళను సినిమాహాళ్ళలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా చూపేవారు. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగితే ఆ న్యూస్ రీళ్ళ సంగతి చెబుతారు.

డాక్యుమెంటరీ తీసేవారు మూడు చోట్ల నిర్ణయం చేసుకోవలసి ఉంటుంది. మొదటిది, కెమెరాను ఎటు తిప్పాలి? రెండవది, తీసినదానిలో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి? మూడవది, ఉంచినవాటిని ఏ వరుసలో చూపాలి? బరంపురం పట్టుచీర నేసేవారికి ఈ మూడవ విషయం చెప్పనక్కరలేదు. అవే రంగుల దారాలు. వరుస మారితే అంచు మారిపోతుంది. డాక్యుమెంటరీలోనూ అంతే. దృశ్యాలన్నీ నిజమైనవే అయినా, వరుస మారితే అర్థం మారుతుంది.

దీనికి ప్రపంచమంతా చర్చించుకున్న ఒక ఉదాహరణ ఉంది. అది అమెరికాలో జరిగిన ఒక ఘోరానికి, దాని మీద వచ్చిన ఒక చిత్రానికి సంబంధించినది.

3. కొలంబైన్ దుర్ఘటన

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కొలంబైన్ హైస్కూలు ఉంది. 1999 ఏప్రిల్ 20న ఆ పాఠశాలలో చదువుతున్న ఇద్దరు విద్యార్థులు తుపాకులతో లోపలికి వచ్చి కాల్పులు జరిపారు. ఆనాడు 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ప్రాణాలు కోల్పోయారు. ఎందరో గాయపడ్డారు. కాల్చిన ఇద్దరూ తమను తాము కాల్చుకొని చనిపోయారు.

ఆ మరునాటినుంచే 'ఎందుకిలా జరిగింది?' అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెప్పారు. వీడియో ఆటలని కొందరు, ఒక రకం పాటలని కొందరు, తోటివారి వేధింపులని కొందరు, తల్లిదండ్రుల అశ్రద్ధ అని కొందరు అన్నారు. వారిద్దరూ పొడుగు నల్లకోట్లు తొడుక్కునే ఒక ముఠా సభ్యులని పత్రికలు రాశాయి. ఆ ముఠాలో వారు లేరని తరువాత తేలింది. కాని మొదట అచ్చయిన మాట చాలామంది మనసుల్లో అలాగే నిలిచిపోయింది.

దర్యాప్తులో మరికొన్ని విషయాలు బయటపడ్డాయి. వారు వాడిన నాలుగు తుపాకులలో మూడింటిని, పద్ధెనిమిదేళ్ళు నిండిన ఒక స్నేహితురాలు ఆయుధాల సంతలో కొని ఇచ్చింది. ఆ సంతలో ప్రైవేటుగా అమ్మేవారు కొనేవారి పూర్వాపరాలు విచారించవలసిన పని అప్పట్లో లేదు. నాలుగవది చట్టవిరుద్ధంగా దొరికింది. అయితే వారి మొదటి పథకం తుపాకులు కాదు. భోజనశాలలో పెట్టిన బాంబులు. ఆ బాంబులు పేలలేదు. ఇద్దరిలో ఒకడు బెదిరింపులకు పాల్పడుతున్నాడని 1998లోనే పోలీసులకు ఫిర్యాదు అందింది. సోదాకు అనుమతి కోరే పత్రాన్ని కూడా సిద్ధం చేశారు. అది న్యాయాధికారి దగ్గరకు చేరనే లేదు.

4. మైకేల్ మూర్ చిత్రం

2002లో మైకేల్ మూర్ అనే దర్శకుడు ఈ విషయం మీద 'బౌలింగ్ ఫర్ కొలంబైన్' అనే డాక్యుమెంటరీ తీశాడు. 2003 మార్చిలో దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి లభించింది. అమెరికావారి చేతుల్లో ఇన్ని తుపాకులు ఎందుకున్నాయని ఆ చిత్రం అడిగింది. అక్కడితో ఆగలేదు. పక్కనున్న కెనడాలో కూడా ఎన్నో ఇళ్ళలో తుపాకులు ఉన్నాయి కదా, అక్కడ ఇన్ని హత్యలు ఎందుకు జరగవని కూడా అడిగింది. వార్తలు నిత్యం భయాన్ని పెంచడమే కారణమన్న సూచన చేసింది. కొలంబైన్‌లో గాయపడిన ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని మూర్ ఒక పెద్ద దుకాణాల సంస్థ కార్యాలయానికి వెళ్ళగా, చేతి తుపాకీ గుండ్ల అమ్మకం మానివేస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఒక చిత్రం ఇంత పని చేయడం గొప్ప విషయమే.

అయితే ఆ చిత్రంలో పక్షపాతం ఉందని విమర్శకులు కొన్ని చోట్లు చూపించారు. వాటిలో మూడింటిని పరిశీలిద్దాం.

మొదటిది వరుసకు సంబంధించినది. కొలంబైన్ విషాద దృశ్యాల తరువాత వెంటనే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు, నటుడు చార్ల్‌టన్ హెస్టన్ తుపాకీ పైకెత్తి గర్వంగా మాట్లాడటం కనిపిస్తుంది. ఆ వెంటనే, దుర్ఘటన జరిగిన పదిరోజులకే అతడు దగ్గరలోని డెన్వర్ నగరానికి వచ్చాడని మూర్ చెబుతాడు. చూసేవారికి ఆ తుపాకీ ఎత్తినది డెన్వర్‌లోనే అనిపిస్తుంది. నిజానికి ఆ దృశ్యం సంవత్సరం తరువాత, 2000 మే నెలలో మరొక రాష్ట్రంలోని షార్లట్ నగరంలో తీసినది. డెన్వర్ సభ జరిగిన మాట వాస్తవమే. అయితే అది ముందే నిర్ణయమైన వార్షిక సభ. దుర్ఘటన కారణంగా ప్రదర్శనలను రద్దుచేసి సభను కుదించుకున్నారు. ఈ సంగతి చిత్రంలో లేదు.

రెండవది పేరుకు సంబంధించినది. ఆ ఉదయం హంతకులిద్దరూ బౌలింగ్ ఆటకు వెళ్ళారని చిత్రం చెప్పింది. ఆ రోజు వారు ఆ తరగతికి వెళ్ళలేదని దర్యాప్తు అధికారులు తేల్చారు.

మూడవది అంకెలకు సంబంధించినది. ఒక సంవత్సరంలో తుపాకీ హత్యలు అమెరికాలో 11,127, కెనడాలో 165 అని చిత్రం చూపింది. 11,127ను 165తో భాగిస్తే 67 వస్తుంది. అంటే అమెరికాలో 67 రెట్లు ఎక్కువ! కాని జనాభా మాట మరచిపోరాదు. అప్పట్లో అమెరికా జనాభా సుమారు 28 కోట్లు. కెనడా జనాభా సుమారు 3 కోట్లు. దాదాపు 9 రెట్ల తేడా. 165ను 9తో హెచ్చిస్తే 1,485 వస్తుంది. 11,127 దానికి సుమారు ఏడున్నర రెట్లు. 67 రెట్లు అనిపించినది ఏడున్నర రెట్లు అయింది.

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఆలోచించాలి. 'చిత్రం మోసం చేసింది, కాబట్టి అది చెప్పినదంతా అబద్ధం' అనవచ్చునా? అనకూడదు. లెక్క సరిచేసిన తరువాత కూడా ఏడున్నర రెట్ల తేడా మిగిలే ఉంది. అది చిన్న తేడా కాదు. మూర్ అడిగిన ప్రశ్న నిలబడింది. అతడు చూపిన తీరు మాత్రమే పూర్తిగా నిలబడలేదు. పక్షపాతాన్ని పట్టుకోవడం ఎంత అవసరమో, పక్షపాతం తీసివేశాక మిగిలిన నిజాన్ని ఒప్పుకోవడం కూడా అంత అవసరం.

5. తరగతిలో వాదోపవాదం

బరంపురంలోని ఒక తెలుగు పాఠశాలలో పదవ తరగతి విద్యార్థులు ఈ విషయం మీద చర్చ పెట్టుకున్నారనుకుందాం. 'యువకుల తుపాకీ హింసకు మూలకారణం తుపాకీ సులభంగా దొరకడమే' అన్నది ప్రతిపాదన. ఉపాధ్యాయుడు అధ్యక్షత వహించారు.

మొదటి వక్త: అధ్యక్షులవారికీ, తోటి విద్యార్థినీ విద్యార్థులకూ నమస్కారం. కోపం రాని మనిషి ఉంటాడా? అన్నదమ్ములు కొట్లాడుకుంటారు, మళ్ళీ కలుస్తారు. కాని చేతిలో తుపాకీ ఉంటే మళ్ళీ కలిసే అవకాశం ఉండదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు. 21 ఏళ్ళు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. కొలంబైన్ తరువాత కొలరాడో ప్రజలు కూడా 2000లో ఓటువేసి ఆయుధాల సంతలలో విచారణ తప్పనిసరి చేసుకున్నారు. అందుచేత ప్రతిపాదనను సమర్థిస్తున్నాను.

రెండవ వక్త: నా మిత్రుడు చక్కగా మాట్లాడాడు. కాని కొలంబైన్‌లో మొదటి పథకం బాంబులని అతడు చెప్పలేదు. తుపాకీ దొరకకపోయినా వారి మనసులోని విషం పోయేది కాదు. కెనడాలో తుపాకులున్నా ఇన్ని హత్యలు లేవు. చేతిలోని వస్తువుకన్నా మనసులోని ఉద్దేశమే ముఖ్యం. అందుచేత ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను.

మూడవ వక్త: అమెరికా మాట అటుంచి మన పొరుగున జరిగినది చూద్దాం. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల భూములు షావుకార్ల పాలయ్యాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకు వెళ్తున్న గిరిజనులలో ఇద్దరిని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. నిందితులు న్యాయస్థానంలో నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ తరువాతనే 1968 చివరలో అక్కడి ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. దానికి నాయకత్వం వహించిన వెంపటాపు సత్యం బడిపంతులు. తుపాకీ దొరికినందువల్ల ఆయన ఆ దారి పట్టారా? న్యాయం దొరకనందువల్ల పట్టారా? 1970లో గిరిజన భూముల బదిలీని అరికట్టే నిబంధనను ప్రభుత్వమే మరింత కట్టుదిట్టం చేసింది. అంటే అన్యాయం ఉందని ఒప్పుకున్నట్టే కదా! నేనూ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను.

నాలుగవ వక్త: అన్యాయం ఉందన్నమాటను నేను కాదనను. కాని ఆ పోరాటంలో షావుకార్లు, భూస్వాములు చంపబడ్డారు. యువకులూ, నాయకులూ పోలీసు కాల్పుల్లో మరణించారు. కష్టం అనుభవించిన వారందరూ తుపాకీ పట్టలేదు. మన బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరిగారిని తలచుకోండి. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. 1916లో అక్కడ ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటుదారుల పట్ల సానుభూతి ఉన్నదని అనుమానించినందువల్ల ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తుపాకులు పేలిన నగరంలో, ఇరవై రెండేళ్ళు నిండని వయసులో ఉన్న ఆ యువకుడు తిరిగి వచ్చి బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను అహింసాయుతంగా నడిపారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. పరిస్థితి ఎటువంటిదైనా మనిషికి ఎంచుకునే శక్తి ఉంది. అయితే చేతికి అందే దూరంలో తుపాకీ ఉంటే ఆ ఎంపిక క్షణంలో జరిగిపోతుంది. ఆలోచించే వ్యవధి ఉండదు. అందువల్ల నేను ప్రతిపాదనను సమర్థిస్తున్నాను.

అధ్యక్షుడు: నలుగురూ నిజమే చెప్పారు. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పారు. మనసులో పగ ఎలా పుట్టింది? ఆయుధం ఎలా దొరికింది? ఆపగలిగినవారు ఎందుకు ఆపలేదు? ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. ఫిర్యాదు అందినా సోదా జరగకపోవడం మూడవ ప్రశ్నకు చెందినది. దానిని మీలో ఎవరూ ఎత్తలేదు. ఇంకొక మాట. కొలంబైన్ హంతకులను, కొండల్లో పోరాడినవారిని ఒకే గాటన కట్టరాదు. ఒకచోట ఇద్దరు కుర్రవాళ్ళు, మరొకచోట ఒక ఉద్యమం. ప్రాణం పోయిన ఇంట దుఃఖం మాత్రం ఒక్కటే. 'ఏకైక కారణం ఇదే' అని ఎవరైనా గట్టిగా చెబితే, మిగిలిన రెండు ప్రశ్నలూ అడగండి.

6. మన కొండలమీద కెమెరా

గజపతి జిల్లా 1992 దాకా మన గంజాంలో భాగమే. 2006 మార్చి 24న ఆ జిల్లాలోని ఆర్. ఉదయగిరిలో మావోయిస్టులు పోలీసు స్టేషను మీద, సబ్‌జైలు మీద దాడి చేశారు. 2008 ఫిబ్రవరి 15న గంజాం పొరుగునున్న నయాగఢ్‌లో పోలీసు ఆయుధాగారం మీద దాడి చేసి వెయ్యికి పైగా తుపాకులను ఎత్తుకుపోయారు. విధి నిర్వహణలో ఉన్న పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతటా టీవీలలో ఆ దృశ్యాలు కనిపించాయి.

ఈ ప్రాంతం మీద ఒకరు డాక్యుమెంటరీ తీస్తున్నారనుకోండి. చనిపోయిన పోలీసుల ఇళ్ళను మాత్రమే చూపితే, కొండల్లో ఆ ఉద్యమానికి చోటెలా దొరికిందో తెలియదు. కొండపల్లెల పేదరికాన్ని మాత్రమే చూపితే, ఆ పోలీసుల బిడ్డల కన్నీరు కనిపించదు. రెండూ నిజాలే, విడివిడిగా చూస్తే రెండూ సగాలే. ఇక అదే పల్లెల్లో తుపాకీ ముట్టకుండా వ్యవసాయం చేసుకొనేవారు, బడికి వెళ్ళే పిల్లలు, సూరత్‌కు పనికి వెళ్ళి ఇంటికి డబ్బు పంపే యువకులు ఏ చిత్రంలోనూ కనిపించకపోవచ్చు. వారివైపు తిప్పడానికి కెమెరాకు కారణం దొరకదు. అటువంటి చిత్రం చూసిన దూరప్రాంతంవారు, రేపు ఉద్యోగం కోసం వచ్చిన ఇక్కడి యువకుణ్ణి చూసి ఏమనుకుంటారు? ఘుంసర్ కొండలకు జరిగినదే మళ్ళీ జరుగుతుంది.

కాబట్టి ఏ డాక్యుమెంటరీ చూసినా ఈ ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరు తీశారు? ఎవరి ఖర్చుతో తీశారు? ఈ దృశ్యం ఎక్కడ, ఎప్పుడు తీసినది? అంకె చెబితే, ఎంత జనాభాలో? ఎవరి మాట వినిపించింది, ఎవరి మాట వినిపించలేదు? నాకు నచ్చని విషయం చెప్పినందుకే దీన్ని పక్షపాతమంటున్నానా? ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. మనలోని పక్షపాతాన్ని మనమే పట్టుకోవాలి కనుక.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు
దుర్ఘటన = చెడు సంఘటన, ప్రమాదం
దర్యాప్తు = విచారణ
ప్రతిపాదన = చర్చకు పెట్టిన మాట
ఆయుధాగారం = ఆయుధాలు భద్రపరచే చోటు
ఒకే గాటన కట్టు = తేడా చూడకుండా అన్నిటినీ ఒకటిగా ఎంచు

ఆ) ఒక్క వాక్యంలో జవాబు రాయండి
1. భంజనగర్ పాత పేరేమిటి?
2. ఫిల్మ్స్ డివిజన్‌ను ఏ సంవత్సరంలో స్థాపించారు?
3. మన దేశంలో ఎన్నేళ్ళు నిండనివారికి తుపాకీ లైసెన్సు ఇవ్వరు?

ఇ) ఐదారు వాక్యాలలో జవాబు రాయండి
1. 'నిజాలనే చెబుతూ పక్షపాతం చూపవచ్చు.' పాఠం ఆధారంగా వివరించండి.
2. 67 రెట్లు అనిపించిన తేడా ఏడున్నర రెట్లుగా ఎలా మారింది? దానివల్ల మూర్ ప్రశ్న వీగిపోయిందా?
3. నలుగురు వక్తలలో ఎవరి వాదం మీకు బలంగా తోచింది? ఆ వాదంలోని లోపం కూడా చూపండి.

ఈ) విడదీసి సంధి పేరు రాయండి
విద్యార్థి, ఏకైక, ఆయుధాగారం, ఇంకొక

ఉ) సొంత వాక్యాలలో ఉపయోగించండి
కళ్ళారా చూడు, ఒకే గాటన కట్టు, లెక్క కట్టు

ఊ) చేయండి
ఒకే రోజున ఒకే వార్తను ఒక తెలుగు పత్రికలోను, ఒక ఒడియా పత్రికలోను చదవండి. రెండింటిలో ఉన్నవి, ఒకదానిలో మాత్రమే ఉన్నవి వేరువేరుగా రాసి తరగతిలో చదివి వినిపించండి. మీ ఒడియా మిత్రుల సాయం తీసుకోండి.